గట్టు మీది పూలు... గుడి ముంగిట్లో!

వానలు తెరిపిచ్చి, చెరువులు నిండి, మక్క కంకులు ముదిరే వేళకు ఓరుగల్లుకు పండగ కళ వచ్చేస్తుంది. భాద్రపద అమావాస్య నాటి సాయంత్రం హన్మకొండ వేయిస్తంభాల గుడికి వెళ్లి చూడండి. బతుకమ్మలు పట్టుకుని ఆడపడుచులు బారులు తీరి కనిపిస్తారు. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించిన ఆ గుడి ముంగిట్లో ఎంగిలిపూల బతుకమ్మతో తొమ్మిది రోజుల సంబరం మొదలవుతుంది. ముందురోజే కోసి, నీళ్లలో ఉంచిన పూలతో పేరుస్తారు కాబట్టే ఆ పేరు అంటారు పెద్దలు.

అటుకులు, ముద్దపప్పు, నానబియ్యం, అట్లు... రోజుకో నైవేద్యం. ఆరోనాడు మాత్రం అమ్మకు అలక! ఆ రోజు బతుకమ్మ పేర్చరు. చివరిరోజు సద్దుల బతుకమ్మ. పద్మాక్షి గుట్ట కింది గుండం దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. ఆటపాటలయ్యాక బతుకమ్మను నీళ్లలో సాగనంపి, గౌరమ్మ పసుపును పుస్తెలకు అద్దుకుంటారు. తెచ్చిన సద్దులు పంచుకుంటారు.

ఇంతకీ ఈ పండగకు పెద్దపీట దేనికో తెలుసా? కలుపు మొక్కకి! గునుగు ఎవరూ విత్తేది కాదు. చేలల్లో దానంతటదే మొలుస్తుంది. తంగేడు బీడు భూముల్లో పూస్తుంది. గునుగు కొసలకు రంగులద్ది, తంగేడు, బంతి, కట్ల పూలతో వరస మీద వరస పేరిస్తేనే నిండైన బతుకమ్మ.

కానీ పత్తి చేలో గడ్డిమందు కొడితే గునుగు బతకదు. బీళ్లు ప్లాట్లయితే తంగేడుకు చోటుండదు. 2014లో బతుకమ్మ రాష్ట్ర పండగైంది. అదే ఏడాది తంగేడు రాష్ట్ర పుష్పమైంది. గౌరవం పెరిగింది, పూలే కరవవుతున్నాయి! పొద్దున్నే సంచి పట్టుకుని పిల్లలు చేలమ్మట తిరిగిన చోట, ఇప్పుడు పట్నంలో చాలా ఇళ్లకు పూలు బజారు నుంచే వస్తున్నాయి.

రైతును తప్పు పట్టలేం. కూలీలు దొరక్కే మందు కొడుతున్నాడు. పొలం అంతా అక్కర్లేదు, గట్టు వెంట ఒక్క వరస వదిలినా చాలు. గింజ రాలితే మళ్లీ ఏడాదికి గునుగు తానే మొలుస్తుంది. ఈసారి సెలవుల్లో ఊరెళ్తే, పిల్లల్ని ఆ గట్టుదాకా తీసుకెళ్లండి. పాటతోపాటు పువ్వు పేరూ వాళ్లకు తెలియాలిగా!