పొగలేని నగరము

ఉదయము తొమ్మిది గంటల వేళ హైదరాబాదు నగరమున కోఠి కూడలిలో గాని, అమీర్‌పేట కూడలిలో గాని క్షణకాలము నిలిచినవారికి ఆ నగరపు వ్యాధి యేదియో వేఱుగా చెప్పనక్కఱలేదు. ఎఱ్ఱదీపము వెలిగినంతనే వందలకొలది వాహనములు నిలిచిపోవును. వాని యంత్రములు మాత్రము నిలువవు. అవి క్రక్కిన పొగ కూడలిలో నిలిచిన పోలీసు ముఖము మీదికిని, ఆటోలో పాఠశాలకు పోవు బాలుని ముఖము మీదికిని వీచుచుండును. అద్దములు మూసికొని కారులో కూర్చున్నవానికి ఆ పొగ యంతగా సోకదు. పొగను పుట్టించుటలో అందఱకును భాగమున్నను, పీల్చుటలో పేదవాని భాగమే పెద్దది.

ఈ వ్యాధికి మందు లేకపోలేదు. విద్యుద్వాహనమునకు పొగగొట్టమే లేదు. పెట్రోలు యంత్రము తాను త్రాగిన యింధనపు శక్తిలో సుమారు నాల్గవ వంతును మాత్రమే చక్రములకందించి, తక్కినదానిని వేడిగా గాలిలో కలిపివేయును. విద్యుత్ మోటారు నాలుగింట మూడు పాళ్ళకు పైగా చక్రములకే అందించును. సామాన్యమైన విద్యుత్ స్కూటరు నూఱు కిలోమీటర్లు పోవుటకు మూడు నాలుగు యూనిట్ల విద్యుత్తు చాలును. పెట్రోలు స్కూటరునకు అంతదూరము పోవుటకు సుమారు రెండు లీటర్లు కావలెను. హైదరాబాదులో లీటరు పెట్రోలు ధర 2021 జూన్ నెలలోనే నూఱు రూపాయలు దాటినది.

ఇంత లాభము కండ్లకు కనబడుచుండగా ప్రజలేల సంశయించుచున్నారు? అది వారి అజ్ఞానము కాదు. కొనునపుడు సొమ్ము ఎక్కువ కావలెను. ఛార్జి చేసికొనుటకు చోటు తక్కువ. బ్యాటరీ వలన అపాయము కలుగునేమో యను భయము వేఱొకటి. ఈ మూడింటిని తీర్పక, విద్యుద్వాహనములు కొనుడని గోడలపై వ్రాయించినంతమాత్రమున ప్రయోజనము లేదు. నగరము తాను మొదట ఆచరించి చూపవలెను. తాను చేయు మేలును మొదట అందవలసినవారికి అందింపవలెను.

ఈ మార్గము హైదరాబాదునకు క్రొత్తది కాదు. జట్కాలు తిరుగు కాలమున, 1932లో, నిజాము ప్రభుత్వపు రైల్వేశాఖ 27 బస్సులతో రోడ్డు రవాణాను ప్రారంభించెను. జనులకు మోటారు ప్రయాణము అలవాటైనది ఉపన్యాసములవలన కాదు. వీధిలోనికి వచ్చి నిలిచిన బస్సువలన. నేడును అంతియే. 2019లో శంషాబాదు విమానాశ్రయమునకు 40 విద్యుత్ బస్సులు నడువసాగినవి. 2025లో కేంద్ర ప్రభుత్వము తన పథకము క్రింద ఈ నగరమునకు 2,000 విద్యుత్ బస్సులు కేటాయించెను. చైనాలోని షెన్‌జెన్ నగరము 2017 తుదికే తన బస్సులన్నిటిని, అనగా పదునాఱువేలకు పైబడినవానిని, విద్యుత్తుతో నడుపసాగెను. బస్సులతో పాటు చెత్తబండ్లును, అధికారుల కార్లును ముందుగా మాఱినచో, మరమ్మతు చేయు పనివారు నగరమున తయారగుదురు. చూచినవారికి నమ్మకము కుదురును.

ఇక ఛార్జింగు మాట. సొంత యిల్లు, వాకిలి గలవాడు రాత్రివేళ వాహనమునకు తీగ తగిలించి నిశ్చింతగా నిద్రింపవచ్చును. మూడవ అంతస్తులో అద్దెకున్న గుమాస్తా యేమి చేయవలెను? బస్తీలో గోడవారగా ఆటో నిలుపుకొను డ్రైవరు ఏమి చేయవలెను? ఛార్జింగు కేంద్రము పెట్టుటకు విద్యుత్ లైసెన్సు అక్కఱలేదని 2018లో కేంద్ర ప్రభుత్వము స్పష్టపఱచినది. 2019లో మాదిరి భవన నిబంధనలను సవరించి, నూతన భవనములలో వాహనములు నిలుపు చోట నూటికి ఇరువది పాళ్ళ వాహనములకు ఛార్జింగు వసతి యుండవలెనని సూచించినది. ఇవి మంచి మాటలే. కాని బస్తీలోని పాత యింటికి నూతన భవన నిబంధన యేమి సహాయము చేయును? పురపాలక సంఘమునకు సంతలు గలవు, వంతెనల క్రింద ఖాళీ స్థలములు గలవు. అచ్చట ఛార్జింగు వసతులు వెలయవలెను. ఆటో స్టాండ్ల చెంత వట్టిపోయిన బ్యాటరీని పుచ్చుకొని నిండినదానిని ఇచ్చు కేంద్రములు నెలకొనవలెను. దినమంతయు తిరుగు ఆటో ఒకటి మాఱినచో తగ్గు పొగ, దినమునకొక గంట తిరుగు కారు మాఱినచో తగ్గు పొగకంటె ఎన్నో రెట్లు ఎక్కువ.

సొమ్ము విషయమునను ఈ న్యాయమే పాటింపవలెను. తెలంగాణ ప్రభుత్వము 2024 నవంబరులో, 2026 డిసెంబరు తుదివఱకు విద్యుద్వాహనములకు రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును మినహాయించెను. ఇది మెచ్చదగిన పని. అయినను ధర హెచ్చినకొలది పన్నును హెచ్చును గనుక, మినహాయింపువలన అధికలాభము ఖరీదైన కారు కొన్నవానికే కలుగును. నార్వే దేశపు చరిత్ర ఇచ్చట గమనింపదగినది. 1989 ప్రాంతమున ఓస్లో నగరమున పర్యావరణ ప్రేమికులును, ప్రసిద్ధ గాయకులును చిన్న విద్యుత్ కారునెక్కి, సుంకము చెల్లింపకయే టోలు ద్వారములను దాటి ప్రభుత్వమును కదిలించిరి. పిమ్మట టోలు సుంకము, అమ్మకపు పన్ను మినహాయింపబడినవి. బస్సుల బాటలో పోవుటకు ననుమతి లభించెను. 2024లో ఆ దేశమున అమ్ముడైన ప్రతి నూఱు క్రొత్త కార్లలో సుమారు 89 విద్యుత్ కార్లే. కాని బస్సుల బాట కార్లతో నిండి బస్సులకే ఆలస్యము కాసాగెను. ఆ సౌకర్యమును కుదింపవలసి వచ్చెను. 2023 నుండి అయిదు లక్షల క్రోనర్లు మించిన ధరభాగముపై మఱల పన్ను విధించిరి. ఆ దేశము అనుభవముచే నేర్చిన పాఠమును హైదరాబాదు ముందుగానే గ్రహింపవచ్చును: కార్ల మినహాయింపునకు ఒక హద్దు నేర్పఱచి, మిగిలిన సొమ్మును ఆటో డ్రైవరునకు తక్కువ వడ్డీ అప్పుగా మార్చవలెను.

భయమును పరిహసింపరాదు. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదున విద్యుత్ స్కూటర్ల దుకాణమున పుట్టిన మంటలవలన, ఆ భవనము పైభాగమునందలి వసతిగృహములో 8 మంది మరణించిరి. ఆ యేటి డిసెంబరు నుండి బ్యాటరీల పరీక్షా నియమములు కఠినతరము చేయబడినవి. నియమము కాగితముపై నుండిన చాలదు. దుకాణములను, నేలమాళిగలను అగ్నిమాపక శాఖవారు తఱచుగా తనిఖీ చేయవలెను.

విద్యుత్తు బొగ్గునుండియే గదా పుట్టుచున్నది, పొగ కూడలినుండి రామగుండమునకు పోయినంతమాత్రమున నేమి మేలని కొందఱందురు. ఇందు సత్యము లేకపోలేదు. రామగుండమువారివి కూడ ఊపిరితిత్తులే. అయినను లక్షల పొగగొట్టములను శుద్ధిచేయుటకంటె కొలది చిమ్నీలను శుద్ధిచేయుట సులభము. సౌరవిద్యుత్తు పెరిగినకొలది పాత వాహనము కూడ తనంత తానే పరిశుద్ధమగుచుండును. పెట్రోలు బండికి ఆ భాగ్యము లేదు.

నగరమనగా మేడలు, రోడ్లు మాత్రమే కాదు. ఒకే గాలిని పీల్చు జనుల సమూహము. ఆ గాలిని బాగుచేయు భారమును శక్తిగలవారు ముందుగా వహింపవలెను. దానివలని లాభము శక్తిలేనివారికి ముందుగా చేరవలెను. కూడలిలో నిలిచిన పోలీసు ముక్కునకు గుడ్డ కట్టుకొనక నిలువగలిగిన దినముననే ఆ నగరము మాఱినదని చెప్పవచ్చును.