పాడి మేకల ఎంపికలో శరీర కొలతల విలువ ఎంత?

సంతలో మేకను కొనేవారు మొదట చూసేది దాని ఎత్తు. పరిశోధన విద్యార్థి మొదట కొలిచేదీ దాదాపు అదే. మూపు ఎత్తు, శరీర పొడవు, ఛాతీ చుట్టుకొలతలను పాల దిగుబడితో జతచేసి సహసంబంధ గుణకాల పట్టిక ఇవ్వడం ఉష్ణమండల మేకలపై వెలువడే వ్యాసాలలో ఆనవాయితీ అయింది. భారీ శరీరం గల మేకలనే పాడికి ఎంపిక చేయాలన్న సిఫారసు ఆ పట్టికల వెంట తరచుగా కనిపిస్తుంది. మూడు నాలుగు మేకలతో కుటుంబాన్ని నెట్టుకొచ్చే రైతుకు ఈ సిఫారసు నష్టం కలిగించగలదని నా అభిప్రాయం.

బరువు అంచనాకు ఛాతీ కొలత ఉపయోగపడుతుందనడంలో సందేహం లేదు. అంగుళాలలో తీసిన చుట్టుకొలత వర్గాన్ని పొడవుతో గుణించి 300తో భాగిస్తే బరువు పౌండ్లలో వస్తుందన్న షేఫర్ సూత్రం పశువైద్య విద్యార్థులకు సుపరిచితమే. చుట్టుకొలత 28, పొడవు 26 అంగుళాలైతే మేక దాదాపు 31 కిలోలు తూగుతుంది. టేపు ఒక్క అంగుళం వదులైతే లెక్క 33 కిలోలకు చేరుతుంది. మందు మోతాదు నిర్ణయించడానికి ఈపాటి అంచనా చాలు. పాల సంగతి వేరు.

మొదటి ఈత మేకలను, నాలుగో ఈత మేకలను ఒకే గుంపుగా తీసుకొని లెక్కిస్తే శరీరానికీ పాలకూ గట్టి సంబంధం కనిపించి తీరుతుంది. ఎందుకంటే తొలి ఈతల కాలంలో వయసుతోపాటు శరీరమూ పెరుగుతుంది, పాలూ పెరుగుతాయి. అక్కడ మనం కొలిచినది చాలావరకు వయసునే. ఈతల వారీగా, పాడి దశ వారీగా విడదీసి చూసినప్పుడు మిగిలే సంబంధమే ఎంపికకు పనికివచ్చేది. అప్పటికీ గుణకం 0.5 ఉంటే, పాల హెచ్చుతగ్గులలో నాలుగో వంతు మాత్రమే ఆ కొలతతో ముడిపడి ఉన్నట్లు. మిగిలిన మూడు వంతుల గురించి ఆ టేపు ఏమీ చెప్పదు.

పాల కొలతలోనూ ఒక చిక్కు ఉంది. మన పల్లెలలో పిల్లలు తల్లి వద్ద తాగగా మిగిలినదే పాత్రలోకి వస్తుంది. కవలలను సాకుతున్న మేక పాత్రకు తక్కువ పాలిచ్చినంత మాత్రాన పాడి తక్కువని తీర్పు చెప్పరాదు. తాగక ముందు, తాగిన తరువాత పిల్లలను తూచి ఆ తేడాను కలపని అధ్యయనం సగం పాలనే లెక్కించినట్లు.

ఇక మేత లెక్క. శరీర పోషణకు కావలసిన శక్తి బరువు యొక్క 0.75 ఘాతాన్ని అనుసరించి పెరుగుతుంది. ఆ ప్రకారం 60 కిలోల మేకకు 30 కిలోల మేక కంటే పోషణకే దాదాపు 1.7 రెట్లు మేత అవసరం. చిన్న మేక లీటరు ఇచ్చేచోట పెద్దది లీటరున్నర ఇచ్చినా, లీటరు పాలపై పడే పోషణ ఖర్చు పెద్దదానికే ఎక్కువ. జమునాపారి పెరిగింది యమున, చంబల్ నదుల నడుమ పొదలు దట్టంగా ఉన్న ఇటావా జిల్లా లోయలలో. అనంతపురం మెట్ట బీళ్లలో అంతటి శరీరాన్ని మేపవలసింది రైతే. ఉత్తరప్రదేశ్ పట్టణాలలో ఇంటి వద్దే కట్టి మేపే పొట్టి బార్బరీకి పాడి మేకగా ఉన్న పేరు ఎత్తు వలన వచ్చినది కాదు.

కనుక టేపును పొదుగు వద్దకు తేవాలి. పాలు పితికే ముందు పొదుగు చుట్టుకొలత, లోతు తీసుకొని, పితికిన తరువాత మళ్లీ కొలవాలి. బాగా కుంచించుకుపోయేది పాల పొదుగు. అంతే పరిమాణంలో నిలిచేది మాంసపు పొదుగు. నేల నుండి పొదుగు ఎంత ఎత్తున ఉన్నదీ నమోదు చేయాలి. రేగు కంపలలో మేసే మేకకు వేలాడే పొదుగు గాయాలకు, ఆపై పొదుగువాపుకు దారి తీస్తుంది. పాకలో కట్టి మేపే విదేశీ మేకలపై వచ్చిన వ్యాసాలలో ఈ అంశం అంతగా పట్టించుకోకపోవచ్చు, మనకది ముఖ్యం.

ఈత సంఖ్య, ఈనిన తరువాత గడిచిన రోజులు, పిల్లలు తాగిన పాలు అనే మూడు వివరాలు లేని పట్టికను ప్రచురణకు ముందే రచయితకు తిప్పి పంపి అడగడం సమంజసం. వాటికి కొత్త పరికరాలేవీ అక్కరలేదు. ఒక నోటు పుస్తకం, పిల్లలను తూచే ఒక వేలాడే త్రాసు సరిపోతాయి.