పటములలోని ఇంగ్లండు

ఇంగ్లండు పల్లె యనగానే మన విద్యావంతులలో ననేకులకు నేటికిని పాఠశాలలో చదివిన పద్యములలోని పల్లెయే స్ఫురించుచుండును. గడ్డి కప్పిన ఇండ్లు, చర్చి శిఖరము, వాగుమీద రాతివంతెన, పచ్చికలో గొఱ్ఱెలు: ఇంతకు మించి మన మెఱుగము. ఆ దేశపు పాత ఛాయాచిత్రములను చూచినప్పుడు మొదట నీ భ్రమ మఱింత బలపడును. ఓపికతో చూచినచో నది వీడిపోవును. ఇటీవల నట్టి పటములను పెక్కింటిని చూచు నవకాశము మాకు కలిగినది. మాకు తోచిన నాలుగు మాటలు పాఠకులకు నివేదించుచున్నాము.

ఫ్రాన్సిస్ ఫ్రిత్ అను వర్తకుడు ఈజిప్టు, పాలస్తీనా దేశముల శిథిలములను చిత్రించి పేరు గాంచి, 1860లో సర్రే మండలమందలి రైగేటు పట్టణమున ఛాయాచిత్రముల వ్యాపారమును స్థాపించెను. బ్రిటనులోని ప్రతి పట్టణమును, ప్రతి పల్లెను చిత్రింపవలెనని యాతని సంకల్పము. అతడు 1898లో మరణించినను సంస్థ 1971 వఱకు నడచెను. ఈ వ్యాపారమునకు ప్రాణము పోసినది రైలు. సెలవు దినములలో రైలెక్కి పోయిన పట్టణవాసి తాను చూచిన పల్లె బొమ్మను కొని యింటికి తెచ్చుకొనెడివాడు. పల్లె పటమును కొన్నది పట్టణము. కావున పట్టణము కోరిన పల్లెయే పటమున నిలిచినది.

ఆ వీథులలో పలుచోట్ల మనుష్యులే కానరారు. తొలినాళ్ల గాజుపలకకు వెలుగు పట్టుటకు కొన్ని క్షణములైన నవసరమయ్యెడివి. ఆ లోపల కదలినవాడు మసకయై పోయెడివాడు. వాకిట చేతులు కట్టుకొని నిలిచినవాడు మిగిలెను. పార యెత్తినవాడు చెరగిపోయెను. ఆ కాలమందే, 1870 తరువాతి దశాబ్దములలో, అమెరికా గోధుమలు ఓడలపై వచ్చి పడగా ఇంగ్లండులో ధాన్యపు ధరలు కూలినవి. వ్యవసాయ కూలీలు తండోపతండములుగా పట్టణములకు వలసపోయిరి. జోసెఫ్ ఆర్చి నాయకత్వమున వారు జాతీయ సంఘము కట్టుకొన్నది 1872లో. పల్లెకూలీలలో పెక్కండ్రకు వోటు దొరకినది 1884 చట్టముతోడనే. ప్రజాప్రభుత్వమునకు పుట్టినిల్లని చెప్పుకొను దేశమున, దున్నినవాని కింత కాలము వోటులేదను సంగతిని మనలో భూవసతి గలవారు గమనింతురు గాక. ఆ సుందర పటములలో నీ సంగతి కించిత్తయినను కానరాదు.

బర్మింగ్‌హాము పక్షమున పార్లమెంటు సభ్యుడైన సర్ బెంజమిన్ స్టోను 1897లో జాతీయ ఛాయాచిత్ర సంగ్రహమునకై యొక సంఘము నెలకొల్పి, మాసిపోవుచున్న పల్లె వేడుకలను, పాత కట్టడములను పటములలో పొందుపఱపించెను. మెచ్చదగిన పనియే. కాని మా మనస్సును పట్టి నిలిపిన దది కాదు.

లెస్టరు పట్టణపు ఛాయాగ్రాహకుడు ఎస్.డబ్ల్యు.ఎ. న్యూటను తన ఊరి మీదుగా పోవుచున్న గ్రేటు సెంట్రలు రైలుమార్గపు నిర్మాణమును చిత్రించెను. నాటింగ్‌హాము చేరువ నుండి లండను దిశగా దాదాపు 90 మైళ్ల ఈ మార్గమునకు 1894లో మన్ను త్రవ్వ మొదలిడి, 1899 మార్చిలో ప్రయాణికులను ఎక్కించిరి. విక్టోరియా రాణి నాటి మహామార్గములలో నిదియే కడపటిది. ఆవిరితో నడచు త్రవ్వుయంత్రములు, కమానుల క్రింది కొయ్య ఆధారములు, సగము లేచిన స్తంభములు ఆ పటములలో కలవు. వానికంటె ముఖ్యముగా మనుష్యులు కలరు. నావీలని ఆంగ్లేయులు పిలుచు మట్టిపని కూలీలు బురద బూట్లతో, నోట పొగగొట్టముతో వరుసగా నిలిచి మనవైపు సూటిగా చూచుచున్నారు. వారి కొయ్యగుడిసెలు, ఆలుబిడ్డలును కలరు. మన కలెక్టరు బంగళాలలో దొరతనము చేసిన ఇంగ్లండు నెఱిగిన మనకు ఈ ఇంగ్లండుతో పరిచయము లేదు. చూడగా చూడగా మన కాలువగట్లమీద తట్ట మోసినవారికి వీరు దాయాదులవలె తోచుచున్నారు.

వారు వేసిన మార్గము డెబ్బదియేండ్లు నిండ నిలువలేదు. 1963లో బ్రిటిషు రైల్వే అధ్యక్షుడు డాక్టరు బీచింగు నివేదిక రెండువేలకు పైగా స్టేషనులను మూయుమన్నది. ఈ మార్గములో చాల భాగము 1966, 1969 సంవత్సరములలో మూతపడెను. బ్రాక్లీ చెంత ఇరువదిరెండు కమానుల వంతెనను 1978లో పడగొట్టిరి. వింత యేమనగా, నేడు లండను నుండి బర్మింగ్‌హామునకు వేయుచున్న నూతన శీఘ్రరైలుమార్గము బకింగ్‌హాంషైరులో కొంతదూరము ఈ పాత బాట వెంటనే పోవుచున్నది. కూలీల శ్రమను పాడుపెట్టి, అరువదియేండ్లు తిరుగక మునుపే మరల త్రవ్వుట యేలికల వివేకమని మేమెట్లనగలము?

న్యూటను తన పలకలను నింపుచున్న కాలమందే మన రాజమహేంద్రవరమున గోదావరిపై రైలువంతెన లేచుచుండెను. 1900లో దానిపై రైళ్లు సాగినవి, 1997లో నిలిచినవి. దానికి నాటి మదరాసు గవర్నరు హేవ్‌లాకు పేరు పెట్టిరి. ఆ పేరు నేటికిని చెక్కుచెదరలేదు. నదిలో స్తంభములు లేపినవారి ముఖము లెచ్చట నున్నవి? తీసిన పటము లుండి మరుగునపడినవో, తీయువాడే లేకపోయెనో తేల్చుటకు మన పండితులెవరైన పూనుకొనవలదా? గోదావరి తీరమందలి పాత కుటుంబములవారు అటకమీది పెట్టెలను దింపి చూతురు గాక. వంతెన పనినాటి పట మొక్కటైనను దొరకినచో, నిలిచియున్న వారిలో తెలిసినవారి పేర్లను, వారి ఊళ్లను వెనుకవైపున పెన్సిలుతో వ్రాసి, చెదలు పట్టక మునుపే దగ్గరి గ్రంథాలయమునకు ప్రతి నొకదాని నందజేయవలసినదిగా కోరుచున్నాము.