ఆ రీలు నీ సొత్తు కాదు

1977 మే 8. ఇథాకా పట్టణం, కార్నెల్ విశ్వవిద్యాలయం, బార్టన్ హాల్. ఈ మాటలు చెవిన పడగానే కళ్ళు అరమూసుకుని తల పంకించేవాళ్ళతో నాకు తగాదా ఉంది. ఇవే మాటలు విని పెదవి విరిచి, "అబ్బే, మర్నాటి బఫెలో ముందు ఇదెంత!" అనేవాళ్ళతో ఇంకా పెద్ద తగాదా ఉంది. దశాబ్దాలుగా ఈ రెండు జట్లూ కొట్లాడుకుంటున్నాయి. రెండూ దొంగ కొట్లాటే కొట్లాడుతున్నాయి.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బ్యాండు 1965లో కాలిఫోర్నియాలో పుట్టింది. 1995 ఆగస్టు 9న దాని గిటారిస్టు జెర్రీ గార్సియా చనిపోయేదాకా, ముప్ఫై ఏళ్ళలో 2,300కు పైగా కచేరీలు చేసింది. ఏ రెండు రాత్రులూ ఒక్కలా వాయించలేదు. స్టూడియోలో మూడు నిమిషాలైనా నిండని 'డార్క్ స్టార్' వేదికెక్కితే ఇరవై నిమిషాలు దాటిపోయేది. ఎటు పోతుందో వాయించేవాళ్ళకే తెలిసేది కాదు. ఒక రాత్రి విన్నవాడికి మరో రాత్రి కావాలనిపించింది. కావాలనిపించినవాడు మైకు పట్టుకొచ్చాడు. మొదట్లో యంత్రాన్ని కోటు కింద దాచుకుని తెచ్చేవాళ్ళు. చివరికి బ్యాండే వాళ్ళకు చోటిచ్చింది: 1984 అక్టోబరులో, బర్క్‌లీ కచేరీల్లో, సౌండ్ మిక్సింగ్ బల్ల వెనక టేపర్లకు విడిగా జాగా, విడిగా టికెట్లు. షరతు ఒక్కటే. అమ్మకూడదు.

కోట్లు గడించే పరిశ్రమలో, తమ పాటను ఊరికే పట్టుకెళ్ళి ఊరికే పంచుకోండని చెప్పినవాళ్ళు ఎంతమంది ఉన్నారు? ఆ ఒక్క మాటకే ఆ బ్యాండు కాళ్ళకు దండం పెడతాను.

అభిమానులు అంతకుముందే దారి వేసుకున్నారు. 1971లోనే న్యూయార్క్ బ్రూక్లిన్‌లో టేపులు ఉచితంగా మార్చుకునే సంఘం మొదలైంది. ఉత్తరాలు రాసుకునేవాళ్ళు, జాబితాలు పంపుకునేవాళ్ళు. చేతిలో ఏమీ లేని కొత్త కుర్రాడు ఖాళీ క్యాసెట్లూ తిరుగు తపాలా ఖర్చూ పంపితే చాలు, మొహం తెలియని మనిషి రాత్రంతా కూర్చుని కాపీ తీసి, పాటల వరస చేత్తో రాసి, పోస్టులో వేసేవాడు. డబ్బు ఊసు లేదు. నా దృష్టిలో ఇరవయ్యో శతాబ్దపు రాక్ సంగీతం సాధించిన గొప్ప విషయాల్లో ఇదొకటి. ఏ గిటారు సోలో కూడా దీని పక్కన నిలబడదు.

దీన్ని పాడుచేసింది ఎవరు? రికార్డు కంపెనీలు కావు. టేపులు పోగేసుకునే మీరే.

క్యాసెట్ నుంచి క్యాసెట్‌కు కాపీ తీసిన ప్రతిసారీ సుయ్‌మనే రొద ఒక పొర పెరుగుతుంది. అసలు టేపుకు మొదటి తరం కాపీ, దానికి రెండో తరం, మూడో తరం. ఇది యంత్రం సంగతి, ఇందులో ఎవరి తప్పూ లేదు. కానీ మీరేం చేశారు? తరాల లెక్కతో మనుషుల్ని కొలిచారు. మొదటి తరం ఉన్నవాడు మొదటి తరం ఉన్నవాడితోనే మాట్లాడతాడు. అయిదో తరం రొద వింటూ ఏడ్చేవాడు, "అయ్యా, ఒక్క మంచి కాపీ" అని అడిగితే, "ముందు నీ జాబితా చూపించు, మాకు పనికొచ్చేదేమన్నా ఉందేమో చూస్తాం" అంటారు. వాడి దగ్గర ఏమీ లేదు కనుకనే అడిగాడు! ఉన్నవాడికే ఇస్తాను, లేనివాడు గడప అవతల నిలబడాలి అనడం ఏమిటో మన దేశంలో పుట్టినవాడికి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. ఇది కులం. ప్రేమ, శాంతి అని జెండాలు కట్టుకున్న జనం మధ్యలో నిలబెట్టిన కులం.

గొప్ప రాత్రి ఏది అన్న మీ వాదన ఎందుకో ఇప్పుడు చెబుతాను. ఒక రాత్రిని సింహాసనం ఎక్కిస్తే దాని మేలి కాపీ ఉన్నవాడు మంత్రి అవుతాడు. ఆ రాత్రిని దించి ఇంకోదాన్ని ఎక్కిస్తే ఇంకోడు మంత్రి అవుతాడు. 1970 మే 2 హార్పర్ కాలేజీ అంటాడొకడు. 1972 ఆగస్టు 27 వెనీటా అంటాడింకొకడు. రచయిత కెన్ కీసీ కుటుంబపు డెయిరీని ఆదుకోవడానికి ఆరిగన్ మండుటెండలో, తీగలు శ్రుతి తప్పుతుంటే వాయించిన కచేరీ అది. ఫిల్మోర్ ఈస్ట్, 1970 ఫిబ్రవరి అంటాడు మరొకడు. అన్నీ అద్భుతాలే. అన్నీ విన్నవాణ్ణి కనుకే అడుగుతున్నాను: మీరు రాత్రుల్ని పోలుస్తున్నారా, మైకుల్ని పోలుస్తున్నారా? ఒకటేమో వేదిక పక్కనుంచి నేరుగా రీలుకెక్కింది. ఇంకోటి వెనక వరసలో ఎవడో కోటు కింద పట్టింది, పక్కవాడి దగ్గుతో సహా. రెండోది నాసిరకం కచేరీ అని తీర్పు చెప్పడానికి మీకు చెవులున్నాయా?

బార్టన్ హాల్ రాత్రిని మీ దాకా తెచ్చింది ఎవరో చెప్పండి. గార్సియా పేరు చెప్పకండి.

బెటీ కాంటర్-జాక్సన్. ఆనాటి రాక్ కచేరీల్లో రికార్డింగు యంత్రాల ముందు కూర్చున్న ఆడవాళ్ళు బహు కొద్దిమంది. 1969 నాటి 'లైవ్/డెడ్' ఆల్బమ్ రికార్డు చేసిన ఇద్దరిలో ఆమె ఒకతె. 1977 వసంతంలో బ్యాండు వెంట ఊరూరా తిరిగి, ప్రతి వాయిద్యాన్నీ ప్రతి గొంతునూ అప్పటికప్పుడు కలుపుతూ రెండు ట్రాకుల రీలు మీదికి ఎక్కించింది. రెండు ట్రాకులంటే తర్వాత దిద్దుకునే వీల్లేదని అర్థం. డ్రమ్ము ఎక్కువైతే ఎక్కువైనట్టే, గొంతు మునిగితే మునిగినట్టే. 'స్కార్లెట్ బిగోనియాస్' లోంచి 'ఫైర్ ఆన్ ద మౌంటెన్' లోకి బ్యాండు జారుకునే చోట మీరు ఊపిరి బిగబడతారే, అక్కడ ఆమె చేతులు మిక్సర్ మీద ఉన్నాయి. 'మార్నింగ్ డ్యూ' చివర గిటారు ఉప్పెనలా లేచినప్పుడు మిగతా వాయిద్యాలు మునిగిపోకుండా పట్టి ఉంచింది ఆమె చెవి. మీరు దేవుడి మహిమ అనుకుంటున్నది ఒక ఉద్యోగిని పనితనం.

ఆ పనికి దక్కిన గౌరవం వినండి. అద్దె గోదాములో ఉన్న ఆమె రీళ్ళు, అద్దె కట్టుకోలేని రోజులు వచ్చి, 1986లో వేలానికి పోయాయి. గార్సియా బతికే ఉన్నాడు. బ్యాండు కచేరీలు చేస్తూనే ఉంది. టికెట్లు అమ్ముడుపోతూనే ఉన్నాయి. రీళ్ళు చేతులు మారాయి, కొన్నింటికి బూజు పట్టింది. మీ అదృష్టం కొద్దీ కాపీలు బయటికొచ్చి అభిమానుల చేతుల్లో పడ్డాయి. వేలంలో కొన్నవాడు వాటి మీద ఇంకేదైనా రికార్డు చేసుకుని ఉంటే? మీ సర్వోత్తమ రాత్రి ఒక గోదాము అద్దె బాకీ మీద వేలాడింది. ఆ రాత్రి గురించి గంటలు గంటలు వాగుతారు. ఆ బాకీ గురించి ఒక్కడూ నోరు విప్పడు. టేపు మీద ఆవిడ మొదటి పేరు వేసి 'బెటీ బోర్డ్' అంటారు, సరుకు మీద బ్రాండు వేసినట్టు. ఇంటిపేరు అడిగితే తడుముకుంటారు.

"బఫెలో కూడా బెటీ రీలే గదా, మైకుల తేడా ఎక్కడ?" అని ఒక తెలివైనవాడు లేస్తాడు. లేవనీ. 2017లో న్యూ హేవెన్, బోస్టన్, కార్నెల్, బఫెలో నాలుగూ ఒక పెట్టెగా విడుదలయ్యాయి. మే 5 నుంచి 9 దాకా, అయిదు రోజుల వ్యవధి. దమ్ముంటే వరసగా వినండి, తేదీలు చూడకుండా. ఒకే బ్యాండు ఒకే ఊపులో సాగుతోంది. అందులోంచి ఒక రాత్రిని కోసి పీఠం ఎక్కించింది సంగీతం కాదు. దాని మంచి కాపీ ఎక్కువ చేతులు తిరిగింది. పంచడం వల్ల వచ్చిన కీర్తి అది. పంచినవాణ్ణి మరిచిపోయి, కీర్తిని మాత్రం పట్టుకు వేలాడుతున్నారు.

రుజువు కావాలా? 2012లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ బార్టన్ హాల్ రికార్డింగును జాతీయ పట్టికలో చేర్చినట్టు ప్రకటించింది. ఆ రోజుకు అది ఏ దుకాణంలోనూ దొరకదు. అధికారికంగా విడుదలైంది ఆ తర్వాత అయిదేళ్ళకు, కచేరీ జరిగిన నలభై ఏళ్ళకు. ఒక దేశం తన నిధి అని చెప్పుకున్న రికార్డింగు, అప్పటిదాకా ఎవరూ చట్టబద్ధంగా కొనలేని రికార్డింగు! దాన్ని బతికించి ఆ పట్టిక దాకా మోసుకెళ్ళింది ఎవరు? తరం చూడకుండా, జాబితా అడగకుండా, అడిగినవాడికల్లా కాపీ తీసిచ్చిన వేలమంది అనామకులు. మొదటి తరం కాపీని తాళం వేసి దాచినవాడు ఆ ప్రయాణంలో ఒక్క అడుగు కూడా వేయలేదు.

2005 నవంబరు గుర్తుందా? ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో అందరికీ అందుబాటులో ఉన్న డెడ్ కచేరీల డౌన్‌లోడ్లను ఒక్కసారిగా తీసేశారు. సిగ్గుమాలిన పని. ఆ నిర్ణయంలో తన ప్రమేయం లేదని బ్యాండు బేస్ వాద్యకారుడు ఫిల్ లెష్ బాహాటంగా చెప్పాడు. అభిమానులు భగ్గుమన్నారు, బహిష్కరిస్తాం అన్నారు. కొద్ది రోజుల్లోనే ప్రేక్షకుల్లోంచి పట్టిన టేపులు తిరిగొచ్చాయి. మిక్సింగ్ బల్ల నుంచి నేరుగా తీసిన సౌండ్‌బోర్డ్ టేపులు మాత్రం వినడానికే, దించుకోవడానికి లేదు. ఆ భగ్గుమనడం న్యాయం. నేనూ ఆ పక్షమే. కానీ ఆ రోజు స్వేచ్ఛ స్వేచ్ఛ అని గొంతు చించుకున్నవాళ్ళలో ఇంటి బీరువా తెరిచినవాళ్ళెందరు? కంపెనీ తాళం వేస్తే దోపిడీ, మీరు తాళం వేస్తే రసికతా?

పాతరోజుల్లో ఒక సాకు ఉండేది. "కాపీ తీసిన కొద్దీ నాణ్యత చెడుతుంది, అనర్హుడి చేతికిస్తే ఇంకా చెడగొడతాడు." డిజిటల్ వచ్చింది. ఫ్లాక్ రకం ఆడియో ఫైలును వెయ్యిసార్లు కాపీ తీసినా నాణ్యత అణువంతైనా తగ్గదు. ఆ రోజే సాకు చచ్చిపోయింది. దాచుకునే బుద్ధి మాత్రం చావలేదు. దీన్నిబట్టి తెలియడం లేదా, మీరు కాపాడింది నాణ్యతను ఏనాడూ కాదని? నలుగురిలో "నా దగ్గరుంది" అనగలగడం, ఎదుటివాడి మొహంలో ఆశ చూసి ఆనందించడం, అదే మీ సంగీతం. గార్సియా మీకు సాకు మాత్రమే.

మన రసికులు నవ్వుకోనక్కర్లేదు. మహావిద్వాంసుల కచేరీ టేపులు, తెల్లవార్లూ సాగిన పద్యనాటకాల టేపులు ఇళ్ళలో పెట్టుకుని, అడిగితే "వినిపిస్తాను గానీ ఇవ్వను" అనే పెద్దమనుషులు మన ఊళ్ళలో లేరా? వాళ్ళు పోయాక ఆ టేపులు పాతసామాన్ల వాడికి కిలోల లెక్కన వెళ్ళడం మీరు చూడలేదా? తిననూ తినక, పెట్టనూ పెట్టక, గాదెలో గింజల్ని పందికొక్కులకు వదిలే ఇంటి యజమానిని రైతు అని ఎవరూ అనరు. వీళ్ళను మాత్రం సంగీత సంరక్షకులు అని శాలువాలు కప్పుతాం.

ఇంకోలా బతకొచ్చునని చూపినవాడు కూడా ఆ గుంపులోంచే వచ్చాడు. డిక్ లట్వాలా మొదట టేపులు పోగేసిన అభిమాని, తర్వాత బ్యాండు భాండాగారానికి బాధ్యుడు. తాళాలు చేతికొచ్చాక అతను చేసిన పని తలుపులు తీయడం. 1993లో 'డిక్స్ పిక్స్' వరస మొదలైంది. మొదటిది 1973 డిసెంబరు 19 నాటి టాంపా కచేరీ. లోపాలున్నాయి, తెలిసి కొనండి అని అట్ట మీదే హెచ్చరిక వేశారు. క్షమాపణ చెప్పలేదు. 1999లో అతను చనిపోయేదాకా ఒక్కో రాత్రీ వెలుగు చూస్తూనే ఉంది.

కనుక "సర్వోత్తమ రాత్రి ఏది" అని ఇక నా దగ్గరికి రాకండి. వచ్చేట్టయితే ఎవరూ పట్టించుకోని ఒక రాత్రి పట్టుకురండి: మాటలు మరిచిపోయిన పాట, మధ్యలో కూలిన వరస, తెగిపోయిన టేపు. అందులో మీకు నచ్చిన రెండు నిమిషాలు చూపించండి. మీ చెవికి దండం పెడతాను. అది చేతకాకపోతే కనీసం బీరువా తెరిచి, ఏమీ లేనివాడు అడిగినప్పుడు కాపీ తీసివ్వండి. ఇవ్వనంటారా? కచేరీలో వాయించింది మీరు కాదు. రికార్డు చేసింది మీరు కాదు. గోదాము అద్దె కట్టింది మీరు కాదు. ఎవరో తపాలా ఖర్చు పెట్టుకుని పంపితే మీ చేతికొచ్చిన దానికి జాబితాలో బదులు అడగడానికి మీరెవరు?