చేతివేళ్ళకు తెలిసే గుర్తు

మా యింట్లో వంటపాత్రలన్నిటికీ అంచుకింద రెండేసి గంట్లు వుంటాయి. అందరిలా గిన్నెలమీద పేరు కొట్టించటం మా అమ్మకి నచ్చదు. "పేరు చదవాలంటే దీపం కావాలి, కళ్ళజోడు కావాలి. గంటుకైతే బొటనవేలు చాలు" అంటుంది. వీధిలో ఏ పెళ్ళో జరిగితే నాలుగిళ్ళ గుండిగలూ గంగాళాలూ ఒకచోట చేరతాయి కదా! పెళ్ళివారు వెళ్ళిపోయాక, కరెంటు పోయిన పెరట్లో ఆవిడ ఆ గుట్టముందు కూచుని, ఎవరితోనో కబుర్లు చెబుతూనే, మనవి యివతలికీ పరాయివి అవతలికీ తోసెయ్యటం నేను చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను. ఒక్క గరిటె అయినా పొరపాటున మా యింటికి రాలేదు. మావి మాత్రం రెండు మూడు పోయాయని ఆవిడ ఫిర్యాదు.

ఈ గంట్ల పురాణం యిప్పుడెందుకంటే, మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు అమెరికానుంచి వచ్చాడు. ఫ్లారిడాలో వుద్యోగం. నీళ్ళు నిండిన గుహల్లోకి, గాలి సిలిండర్లు కట్టుకుని ఈదుకుంటూ పోవటం వాడి సరదా. సరదా అన్నది వాడి మాట. మా చెల్లెలు దాన్ని గురించి అనే మాట అచ్చువెయ్యటానికి వీల్లేదు.

వాడు సంచీలోంచి ఒక రబ్బరు తాడుకి గుచ్చిన ప్లాస్టిక్ ముక్కల గుత్తి తీసి చాపమీద పోశాడు. కొన్ని బాణం మొనల్లా మూడు కోణాలవి, కొన్ని రూపాయి బిళ్ళకంటె పెద్దగా గుండ్రంగా వున్నవి.

"ఇవేమిట్రా, కోటు గుండీలా?" అంది మా అమ్మ.

"కాదు అమ్మమ్మా. గుహలో తాడుకి తగిలించే గుర్తులు. ఈ గుండ్రటివి నావని తెలియాలి. వీటిమీద ఏ గుర్తు పెట్టుకోవాలో ఎటూ తేలటం లేదు."

ఇంతోటి బిళ్ళకి యింత ఆలోచన ఎందుకని నేను నవ్వాను. వాడు నవ్వలేదు.

చెరువులో మునిగినవాడు భయపడితే పైకి లేస్తాడు. నీటి గుహలో పైకి లేస్తే నెత్తికి రాయి తగులుతుంది. వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఆ దారి కనిపిస్తుందన్న నమ్మకమూ లేదు. అడుగున పిండిలాంటి ఒండ్రు పేరుకుని వుంటుంది. కాలు ఒక్కసారి అజాగ్రత్తగా ఆడిస్తే చాలు, అదంతా లేస్తుంది. అప్పుడు చేతిలో ఎంత మంచి టార్చిలైటు వున్నా, గిన్నెడు పాలల్లో ముంచిన దీపమే. అంచేత బయటి నీళ్ళనుంచీ లోపలిదాకా ఎక్కడా తెగకుండా ఒక సన్నటి నైలాన్ తాడు పరుచుకుంటూ పోతారు. షెక్ ఎక్స్‌లీ అనే ఫ్లారిడా గజయీతగాడు, గుహల్లో చనిపోయినవాళ్ళ కథలన్నీ పోగుచేసి వాటినుంచి పాఠాలు తీసి 1979లో ఒక చిన్న పుస్తకం వేశాడు. తెగని తాడు లేకపోవటం, తిరుగు ప్రయాణానికి చాలినంత గాలి మిగుల్చుకోకపోవటం, శక్తికి మించిన లోతుకి పోవటం: చావులకి ఆయన చూపించిన ముఖ్యకారణాలు యివీ. గాలిలో ఒక వంతు పోవటానికి, ఒక వంతు రావటానికి, మూడోవంతు ఆపదకి. ఆపద అంటే తనదే కానక్కర్లేదు, తోటివాడిది కూడా. అంత తెలిసిన ఎక్స్‌లీ కూడా 1994లో మెక్సికోలోని సకతోన్ అనే నీటిబిలంలో వెయ్యి అడుగుల లోతు దాటాలని దిగి, ప్రాణాలతో తిరిగి రాలేదు.

"తాడుంది కదా! పట్టుకుని వచ్చెయ్యటమేగా? మధ్యలో ఈ బిళ్ళలెందుకు?" అన్నాను.

"తాడుకి రెండు కొసలుంటాయి మామయ్యా" అన్నాడు వాడు.

2018లో థాయిలాండులోని థామ్ లువాంగ్ గుహలో పన్నెండుమంది కుర్రాళ్ళూ వాళ్ళ కోచీ చిక్కుకుపోయిన సంగతి పాఠకులకి గుర్తుండే వుంటుంది. ఆ పిల్లల్ని బయటికి తెచ్చేటప్పుడు క్రిస్ జ్యువెల్ అనే బ్రిటిష్ గజయీతగాడి చేతిలోంచి బురదనీళ్ళలో తాడు జారిపోయింది. రెండో చేతిలో మత్తుమందిచ్చిన పిల్లవాడు. తడుముకోగా తడుముకోగా ఒక కరెంటు తీగ దొరికింది. దాన్ని పట్టుకుని పోతే అది బయటికి కాక, అంతకుముందు తాను దాటివచ్చిన గదికే తీసుకుపోయింది. వెనకనుంచి వస్తున్న ఆస్ట్రేలియా డాక్టరు రిచర్డ్ హారిస్ అక్కడ కలిసి ఆ పిల్లవాణ్ణి బయటికి తెచ్చాడు. పదముగ్గురూ బతికారు. తీగ దొరకటం ఒక ఎత్తు, అది ఎటు పోతున్నదో తెలియటం యింకో ఎత్తు.

అందుకే బాణాలు పుట్టాయి. 1970లలో ఫ్లారిడాలో లూయిస్ హోల్ట్‌జెన్‌డార్ఫ్ అనే ఆయన అంటుకునే టేపుని తాడుమీద త్రికోణంగా మడిచి అంటించాడట. తర్వాత ఫారెస్ట్ విల్సన్ దాన్ని గాళ్ళు కోసిన ప్లాస్టిక్ బాణంగా తయారుచేశాడు. కళ్ళు మూసుకుపోయినా మొన ఎటుందో వేళ్ళకి తెలుస్తుంది. అటు పోతే బయటికి దారి.

కాని బాణం అందరిదీ. అక్కడే వుంది చిక్కు. మెక్సికోలో యుకటాన్ ప్రాంతంలో సాక్ అక్తూన్ గుహ వుంది. 2018లో దోస్ ఓహోస్ అనే పక్క గుహతో కలిసిపోయిందని తేలేసరికి దాని పొడవు 347 కిలోమీటర్లయింది. సెనోటేలని అక్కడ పెద్ద పెద్ద నూతుల్లాంటి ద్వారాలు. ఒక గుహకి ఎన్నో వాకిళ్ళు. అక్కడ బాణం చూపేది దగ్గరి వాకిలిని. మనం వచ్చిన వాకిలి అదే కావాలని లేదు. రెండు వాకిళ్ళకి సరిగ్గా మధ్యన రెండు బాణాలు వీపులు కలుపుకుని చెరో వైపూ చూస్తుంటాయట. మన కూడళ్ళలో చేతికర్రలు పాతినట్టే!

గుండ్రటి బిళ్ళకి మొన వుండదు. అది దారి చూపదు. "ఫలానా నేను ఇటునుంచి వచ్చాను, యింకా లోపలే వున్నాను" అని మాత్రం చెబుతుంది. ఫ్లారిడా గుహల్లో పెద్ద సొరంగం తాడుకీ పక్క సొరంగం తాడుకీ ముడి వుండదు, మధ్యలో ఖాళీ వదిలేస్తారు. పక్కకి పోదలచినవాడు తన చక్రంలోని తాడుతో ఆ ఖాళీ కలుపుకుని, బయటికి పోయే వైపున తన బిళ్ళ తగిలించి పోతాడు. ముగ్గురు పోతే మూడు బిళ్ళలు. తిరిగివచ్చేటప్పుడు ఎవరిది వాళ్ళు తీసుకుంటారు. కొంతకాలం ఈ పనికి బట్టలారవేసే క్లిప్పులు వాడేవాళ్ళని వాడు చెబితే మా అమ్మకి ఆ విద్యమీద కాస్త గౌరవం కలిగింది. అవి ఊరికే ఊడిపోతాయి, అదే వాటి లోపం.

ఇక ఎంపిక. అక్కడి దుకాణాల్లో గులాబి, పసుపు, ఆకుపచ్చ, అన్ని రంగుల బిళ్ళలూ దొరుకుతాయి. డబ్బిస్తే పేరు కూడా అచ్చువేసి యిస్తారు. తేటనీళ్ళలో అదంతా బాగానే వుంటుంది; ఒండ్రు లేచిన క్షణాన గులాబీ లేదు, పేరూ లేదు. కనక గుర్తు చేతికి తెలియాలి. చేతికంటే వట్టి చేతికి కాదు, చలికి మొద్దుబారి, ఒక్కోచోట తొడుగు కూడా వేసుకున్న చేతికి. చిన్న చిల్లు తొడుగులోంచి తెలియదు. దారం ముడేస్తే దాని కొసలు తాడుకి చుట్టుకుంటాయి. గంటు పెడదామంటే, బిళ్ళకి తాడు పట్టుకోవటానికి ముందే రెండు గాళ్ళున్నాయి. ఆ పక్కనే మన గంటు పెడితే ఏది గాడో ఏది గంటో తెలియక తికమక. లోతుగా కోస్తే బిళ్ళ విరుగుతుంది, అంచు పదునుగా వదిలేస్తే తాడు ఒరుసుకుంటుంది.

గాడి సంగతి అంతకన్నా ముఖ్యం అన్నాడు వాడు. గాడి బిగువైతే వణికే వేళ్ళతో తాడు ఎక్కించలేం. వదులైతే ప్రవాహానికి బిళ్ళ జారిపోయి పెట్టినచోట వుండదు. తాళ్ళ మందం అన్ని గుహల్లోనూ ఒకటి కాదు, కనక పోబోయే చోటి తాడుమీద ఎక్కించి చూసుకోవాలి. గాజుల బేరంలా చేతికి పట్టి చూడాలన్నమాట. దీనికి దుకాణదారు మాట నమ్మకూడదు సుమండీ!

ఇవన్నీ గట్టుమీదే కళ్ళు మూసుకుని అభ్యాసం చేస్తారట. నేను మళ్ళీ నవ్వాను కాబోలు, వాడు లేచి నూతి పందిరి స్తంభంనుంచి జామచెట్టుదాకా వున్న దండెం ఖాళీ చేయించాడు. మూడు బిళ్ళలు తగిలించాడు: నాదొకటి, వాడిదొకటి, పక్కింటి కుర్రాడిదొకటి. నా దానిమీద సిరాతో నా పేరులో మొదటి అక్షరం నేనే పెద్దగా రాసుకున్నాను. కుర్రాణ్ణి జామచెట్టు కింద నిలబెట్టి, వాడు యింకా గుహలో వున్నట్టు అనుకోమన్నాడు. నా కళ్ళకి తువ్వాలు కట్టి, "మామయ్యా, మీరు బయటికి వచ్చేస్తున్నారు. దారిలో మీ బిళ్ళ తీసుకోండి" అన్నాడు.

దండెం పట్టుకుని నడిచాను. మొదటి బిళ్ళ తగిలింది. తడిమాను. రెండోదీ తడిమాను. మూడూ ఒక్కలాగే వున్నాయి. నా అక్షరం వేళ్ళకి తగలదు కదా! ఆ మాట ఒప్పుకోవటం చిన్నతనమనిపించి, మధ్యది లాగేసి స్తంభం దగ్గరికి వచ్చి తువ్వాలు విప్పాను. అది పక్కింటి కుర్రాడిది.

"మీరిప్పుడు వాణ్ణి చంపేశారు" అన్నాడు మా మేనల్లుడు, మెల్లిగానే.

నా వెనక వాడు వచ్చి చూస్తాడు. కుర్రాడి బిళ్ళ లేదు. సరే, ముందే బయటికి పోయాడు కాబోలనుకుని తనూ వెళ్ళిపోతాడు. కుర్రాడు లోపలే వుంటాడు. ఇటు నా బిళ్ళ దండేన్నే వుంది కనక, నేనింకా లోపలున్నానని ఎవరో తమ మూడోవంతు గాలి ఖర్చుపెట్టి నాకోసం వెనక్కి పోతారు. నేను గట్టున కాఫీ తాగుతుంటాను. జామచెట్టు కింద కుర్రాడు పళ్ళికిలించి నవ్వుతున్నాడు గాని, నాకు కాఫీ సహించలేదు.

"సుగ్రీవుడు చేసిన పనే" అంది మా అమ్మ, పప్పు ఏరుకుంటూ. బిలం వాకిట్లో ఏడాది కాసుకుని కూచున్నాడు. నురగతో నెత్తురొచ్చింది, లోపల రాక్షసుల అరుపులు వినిపించాయి, అన్న గొంతు వినిపించలేదు. అన్న పోయాడనుకుని కొండంత రాయి అడ్డంపెట్టి, తర్పణాలు కూడా విడిచి యింటికొచ్చాడు. లోపల వాలి నిక్షేపంలా వున్నాడు. ఆ తరవాత అన్నదమ్ముల మధ్య జరిగినదంతా మనకి తెలిసిందే. సుగ్రీవుడికి దురాశ వుందా లేదా అని పండితులు యిప్పటికీ వాదించుకుంటారు. నాకైతే ఆయన చూసిన గుర్తులు చాలలేదనిపిస్తుంది, అంతే.

"మన రెండు గంట్లూ పెట్టుకోరా. నూరేళ్ళనించీ తప్పుపోలేదు" అని సలహా యిచ్చింది అమ్మ. వాడికీ నచ్చింది. కాని రాత్రి ఫోను చేసి కనుక్కుంటే, వాడితో కలిసి దిగే జట్టులో ఒకతను ముందే రెండు గంట్లు పెట్టుకున్నాడట.

"మన గంట్లు వాడికెలా వచ్చాయిరా!" అని ఆవిడ నిజంగానే నొచ్చుకుంది.

చివరికి, గాళ్ళకి దూరంగా బిళ్ళ అంచుని ఒకచోట తిన్నగా అరగదీశాడు. గుండ్రంగా తిరిగివచ్చే వేలు అక్కడ ఠక్కున ఆగుతుంది. ఎనిమిది బిళ్ళలు, ఆకురాయితో ఒక మధ్యాహ్నమంతా పట్టింది. గరుకు కాగితంతో అంచులు నునుపు చేసి, ఊలు తొడుగు వేసుకుని చీకటిగదిలో కూచుని తడిమి చూసుకున్నాడు. నేనూ తడిమాను. ఈసారి తప్పలేదు.

వాడు వెళ్ళిన మర్నాడు ఉతికిన బట్టలు ఆరవెయ్యబోతే దండెం చివర, జామచెట్టు దగ్గర, ఒక బిళ్ళ వుంది. వేలితో చూశాను, వాడిదే. గాడిలోంచి తాడు తప్పించబోతుంటే వెనకనుంచి మా అమ్మ కేకేసింది:

"నీది కాదుగా, ముట్టుకోకు. వాడొచ్చి తీసుకుంటాడు."

బట్టలు దానికి యివతలే ఆరేస్తున్నాం.