కదలెడు బొమ్మలు – కానరాని అర్థములు

పద్యమును కంఠస్థము చేసిన ప్రతివాడును పద్యార్థమును గ్రహించినవాడు కాడు. అట్లే, బొమ్మల చిత్రమును రెప్పవాల్చక చూచిన ప్రతివాడును దాని భావమును గ్రహించినవాడు కాడు. పద్యమునకు పదవిభాగము, ప్రతిపదార్థము, తాత్పర్యము, విశేషములు చెప్పుమని మనము బడిలో అడుగుచున్నాము. కాని మన పిల్లలు పద్యముల కంటె ఎన్నో రెట్లు ఎక్కువగా చూచుచున్న కార్టూను చిత్రములకు అర్థము అడుగువారు ఇంటను లేరు, బడిలోను లేరు. ఆ చిత్రములలో అనేకము పాశ్చాత్య దేశములలో పుట్టినవి. మన కథలలో రామాయణ భారత భాగవతములు కలసిపోయి యున్నట్లే, ఆ దేశముల కథలలో బైబిలు కథలును, క్రైస్తవ సంకేతములును కలసిపోయి యున్నవి. వానిని పిల్లలు ఎట్లు చూడవలెను, పెద్దలు ఎట్లు చూపవలెను అను విషయమున నా అభిప్రాయమును విద్యార్థుల ముందును, తల్లిదండ్రుల ముందును ఉంచుచున్నాను.

ఈ విషయమున తల్లిదండ్రులలో మూడు విధములవారు కనిపించుచున్నారు. బొమ్మలే కదా, పిల్లలు అల్లరి చేయక కూర్చుందురు, అంతియే చాలునని తలచువారు కొందరు. వానిలో పరమతము దాగి యున్నదేమో, కట్టివేయుటయే మేలని శంకించువారు మరికొందరు. క్రైస్తవ కుటుంబములలో, పవిత్రమైన కథను నవ్వులాటగా చేసినారని నొచ్చుకొనువారును కలరు. మొదటివారిది ఉపేక్ష, రెండవవారిది భయము, మూడవవారిది బాధ. అయినను మువ్వురును ఒక పనిని మాత్రము చేయుట లేదు. చూచిన చిత్రము ఏమి చెప్పుచున్నదని పిల్లవానిని అడుగుట లేదు.

సంకేతము తనంత తాను మాటలాడదు. దాని వెనుకనున్న కథ మాటలాడించును. ఏనుగు కాలిని మొసలి పట్టుకొనగా, ఏనుగు తొండముతో తామరపూవు నెత్తి ఆకాశము వైపు చూచుచున్న బొమ్మను మన పిల్లలకు చూపినచో, గజేంద్రుడు విష్ణువును పిలుచుచున్నాడని వెంటనే చెప్పుదురు. భాగవత కథ తెలియని విదేశీయునకు అదే బొమ్మ చూపినచో, కొలనులో రెండు జంతువుల పోరాటమే కనిపించును. బొమ్మ ఒక్కటే, కన్నులును అట్టివే. కథ తెలిసియుండుట, తెలియకపోవుట అనునదే భేదము. పాశ్చాత్యుల బొమ్మల ముందు మన పిల్లల స్థితి ఆ విదేశీయుని స్థితి వంటిది.

ఈ చిత్రములను నేను మూడు తరగతులుగా విభజింతును.

మొదటి తరగతి, పవిత్ర గ్రంథమును సూటిగా చెప్పునవి. అమెరికాలో 1965 డిసెంబరు 9వ తేదీన టెలివిజనులో తొలిసారి ప్రసారమైన ‘ఎ చార్లీ బ్రౌన్ క్రిస్మస్’ ఇట్టిది. చార్ల్స్ షుల్జ్ సృష్టించిన పాత్రలతో బిల్ మెలెండెజ్ దర్శకత్వమున నిర్మింపబడిన అరగంట కార్యక్రమ మిది. పండుగ అంతయు బేరసారములుగను, తళుకుబెళుకులుగను మారినదని చార్లీ బ్రౌన్ అను బాలుడు దిగులుపడును. మెరిసెడు లోహపు చెట్లు అమ్ముచోట అతడు ఒక చిన్న, బక్కచిక్కిన మొక్కను ఏరి తెచ్చును. తోటివారందరును నవ్వుదురు. క్రిస్మస్ అనగా ఏమో ఎవరికైనను తెలియునా అని అతడు అడుగగా, లైనస్ అను చిన్నవాడు రంగస్థలము నడుమ నిలిచి, లూకా సువార్త రెండవ అధ్యాయములోని, గొల్లలకు దేవదూత శుభవార్త చెప్పిన ఘట్టమును వల్లించును. టెలివిజను కార్టూనులో బైబిలు పాఠము పనికివచ్చునా అని తోడి నిర్మాతలు జంకినను, షుల్జ్ పట్టుపట్టి దానిని ఉంచెను.

ఇచ్చట ఒక చిన్న విశేషమున్నది. లైనస్ ఎల్లప్పుడును ఒక దుప్పటిని చంకనిడుకొని తిరుగును. అది లేనిదే అతనికి ధైర్యముండదు. భయపడకుడని దేవదూత పలికిన మాటను వల్లించు క్షణమున ఆ దుప్పటి అతని చేతినుండి జారిపోవును. ఎవ్వరును దానిని గూర్చి ఒక్క మాటయైనను అనరు. చూచువాడు చూచును, చూడనివాడు చూడడు. తాత్పర్యము నంతయు ఒక గుడ్డముక్కలో ఇమిడ్చిన ఆ నేర్పును మన అలంకారికులు ‘ధ్వని’ యందురు.

1998లో వచ్చిన ‘ది ప్రిన్స్ ఆఫ్ ఈజిప్ట్’ మోషే చరిత్రము. బుట్టలో పెట్టి నదిలో విడువబడిన శిశువు రాజగృహమున పెరిగి, తన జనమును దాస్యమునుండి విడిపించుట ఇందలి కథ. ఇది మొదట యూదుల పవిత్ర గాథ. క్రైస్తవులును, మహమ్మదీయులును మోషేను గౌరవింతురు. కావున దీనిని కేవలము క్రైస్తవ చిత్రమనుట సరికాదు. నిర్మాతలు ఈ మూడు మతముల పండితులను సంప్రదించిరి. నీటిపై తేలివచ్చిన ఈ శిశువును చూచి మన పిల్లలు కర్ణుని తలచుకొందురు. తలచుకొనుట మంచిదే. అయినను, రెండు కథలును ఒక్కటియే అనరాదు. కర్ణుని కథ పుట్టుకను దాచిన దుఃఖమును చెప్పును, మోషే కథ ఒక జాతి విముక్తిని చెప్పును. ఈ చిత్రములో నన్ను కదలించిన ఘట్టము సముద్రము చీలుట కాదు. ఈజిప్టువారి జ్యేష్ఠ సంతానము మరణించిన రాత్రి, గెలిచిన పక్షమున నున్న మోషే గోడకు ఆనుకొని కూలబడి ఏడ్చుటయే. శత్రువు బిడ్డ కొరకును ఏడ్వగల హృదయమును చూపుట ఆధ్యాత్మికము కాక మరేమి?

రెండవ తరగతి, సంకేతము కథలో కరిగి యున్నవి. 1940లో డిస్నీవారు వెలువరించిన ‘పినోకియో’ దీనికి ఉదాహరణము. ఇటలీ రచయిత కార్లో కొల్లోడి 1883లో పుస్తకరూపమున ప్రకటించిన కథ దీనికి మూలము. కొయ్యబొమ్మ యైన పిల్లవాడు బడి మాని, మాయమాటలు విని, విలాసద్వీపమునకు పోవును. అచ్చట అల్లరి పిల్లలు గాడిదలుగా మారిపోవుదురు. కొడుకును వెదకబోయిన తండ్రి తిమింగలము కడుపులో చిక్కుకొనును. కొడుకు ఆ కడుపులోనికే పోయి, పొగపెట్టి దానిని తుమ్మించి, తండ్రిని ఒడ్డు చేర్చి, తాను ప్రాణము విడుచును. పిమ్మట నీలి దేవత అతనిని నిజమైన బాలునిగా బ్రతికించును.

కొల్లోడి పుస్తకములో ఆ జలచరము సొరచేప. చిత్రములో అది తిమింగలమైనది. తిమింగలమనగానే పాశ్చాత్యునకు యోనా కథ గుర్తుకు వచ్చును. దేవుని ఆజ్ఞను తప్పించుకొని ఓడనెక్కి పారిపోయిన యోనాను పెద్ద చేప మ్రింగెను. మూడు పగళ్లు, మూడు రాత్రులు దాని కడుపులో నుండి, ప్రార్థించి, అతడు బయటపడెను. యేసు తన మరణ పునరుత్థానములకు దీనినే గుర్తుగా చెప్పినట్లు మత్తయి సువార్తలో నున్నది. అందుచేత ఆ చీకటి కడుపు వారికి పశ్చాత్తాపమునకును, మరల పుట్టుటకును స్థానము. మత ప్రచారమునకై డిస్నీవారు దీనిని పెట్టిరని నేననుట లేదు. మన రచయిత ఏ సాంఘిక నాటకములోనైనను ‘లక్ష్మణరేఖ’ అని వ్రాసినప్పుడు మతమును ప్రచారము చేయుచున్నాడా? తన జాతి జ్ఞాపకమునుండి ఒక మాట తీసికొనుచున్నాడు. ఇదియును అట్టిదే.

అదే 1940లో డిస్నీవారి ‘ఫాంటసియా’ చిత్రము వచ్చినది. దాని చివరి ఘట్టములో ఒక భూతము కొండ శిఖరమున నిలిచి, రాత్రియంతయు పిశాచములను ఆడించును. తెల్లవారుజామున దేవాలయపు గంట మ్రోగును. ఒక్కొక్క గంటకు అది ముడుచుకొనిపోవును. పిమ్మట ‘ఆవే మరియా’ గానము వినవచ్చుచుండగా, దీపములు పట్టిన జనులు వరుసగా అడవిలో నడచిపోవుదురు. చెట్లే ప్రాచీన దేవాలయపు కమానుల వలె వంగి నిలుచును. యుద్ధము లేదు, ఆయుధము లేదు. గంట మ్రోగినది, వెలుతురు వచ్చినది, చీకటి తొలగినది. ఏ మతమువాడైనను దీనికి తలయూపడా?

మూడవ తరగతి, సంకేతమును ఆభరణముగా మాత్రమే వాడుకొనునవి. జపానులో 1995 అక్టోబరు నుండి 1996 మార్చి వరకు 26 భాగములుగా ప్రసారమైన ‘నియోన్ జెనెసిస్ ఎవాంజెలియన్’ చూడుడు. ఇది చిన్నపిల్లలకు తగినది కాదు. పై తరగతుల విద్యార్థులు దీని పేరు వినియుందురు. ప్రేలుడు సంభవించినప్పుడు మంటలు సిలువ ఆకారమున లేచును. శత్రువులకు దేవదూతల పేరు. క్రీస్తు ప్రక్కను పొడిచిన ఈటె పేరు ఒక ఆయుధమునకు. దీనిలో గొప్ప క్రైస్తవ రహస్యమున్నదని వెదకినవారు అనేకులు. కాని దాని సహాయ దర్శకుడు కజుయా త్సురుమాకి, తమ చిత్రము తక్కిన యంత్రమానవుల చిత్రములకంటె భిన్నముగ కనబడుటకై ఆ గుర్తులను వాడితిమనియు, వానికి క్రైస్తవార్థము లేదనియు చెప్పెను. ఆ చిత్రములో ఒంటరితనమును గూర్చిన గాఢమైన వేదన వేరుగా నున్నది. సిలువ మాత్రము అచ్చట ఒక అలంకారము. పరదేశములలో కొందరు మన దేవతల బొమ్మలను చొక్కాలమీద అచ్చువేసినప్పుడు మనకు కలుగు నొప్పిని తలచుకొన్నచో, ఇతరుల పవిత్ర చిహ్నము అలంకారముగా మారినప్పుడు వారికి కలుగు నొప్పియు మనకు తెలియును.

ఇచ్చట ఒక హెచ్చరిక చేయవలసి యున్నది. సంకేతములు వెదకుట అలవాటైనవానికి ఎచ్చట చూచినను సంకేతమే కనబడును. 1999లో బ్రాడ్ బర్డ్ తీసిన ‘ది ఐరన్ జయంట్’లో ఒక ఇనుప మహాకాయుడు, ఊరిమీద పడబోవు అణ్వస్త్రమునకు ఎదురేగి తన్ను తాను బలియిచ్చుకొనును. తుదకు చెదరిన భాగములు మరల ఒకచోటికి చేరుచుండును. దీనిలో క్రీస్తు త్యాగమును చూచువారు కలరు. వెన్నెముక నిచ్చిన దధీచిని మనము చూడవచ్చును. ఇద్దరును తమ జ్ఞాపకమును చిత్రమునకు తెచ్చుచున్నారు. అది తప్పు కాదు. కాని, చిత్రము చెప్పినది ఇంత, నాకు స్ఫురించినది ఇంత అని వేరుపరచి చెప్పుట విద్యావంతుని లక్షణము.

ఇక శంకించు తల్లిదండ్రులకు ఒక మాట. ఇతరుల సంకేతమును తెలిసికొన్నంత మాత్రమున మన విశ్వాసము కరిగిపోదు. తెలుగు సాహిత్యమునకు ఈ కథలు కొత్తవియును కావు. పందొమ్మిదవ శతాబ్దిలో, మన ఒడిశా గడ్డమీది పర్లాకిమిడి ప్రాంతపు పురుషోత్తమ చౌదరి తెలుగున రచించిన క్రైస్తవ కీర్తనలను తెలుగు సంఘములవారు నేటికిని పాడుచున్నారు. గుఱ్ఱము జాషువా ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడెమీ బహుమానము లభించినది. ఆ కావ్యమును క్రైస్తవులు మాత్రమే చదివిరా? తెలుగువారందరును తమదిగా చదివిరి. నొచ్చుకొను క్రైస్తవ మిత్రులకును ఒక మాట. మీ పిల్లవాడు యోనాను ముందుగా ఆదివారపు బడిలో విని, పిమ్మట తిమింగలమును తెరమీద చూచినచో, అతనికి నవ్వులాట నవ్వులాటగను, పవిత్రత పవిత్రతగను తెలియును.

విద్యార్థులారా, మీరు వీధిలో ఒడియా, బడిలో తెలుగు, టెలివిజనులో హిందీ వినుచున్నారు. చూచినదానిని హిందీలో చూచి, ఒడియాలో స్నేహితులకు చెప్పి, తెలుగులో ఎవ్వరికిని చెప్పక నిద్రపోవుచున్నారు. నా దిగులంతయు ఇదియే. ఇంటిలో అమ్మమ్మకు, తాతయ్యకు తెలిసిన భాష తెలుగు. త్యాగము, పశ్చాత్తాపము, కరుణ, విముక్తి అను మాటలు మీకు ఆ భాషలోనే బరువుతో వచ్చును. చూచిన కథను వారికి తెలుగులో చెప్పుడు. వారు దానికి సాటిగా తమకు తెలిసిన కథ చెప్పుదురు. అప్పుడు మీకు రెండు కథలు మిగులును. చెప్పనిచో, తెర ఆరిపోగానే ఆ ఒక్కటియును మిగులదు. కథ తెలియని బొమ్మ ఎట్లు మూగపోవునో, చెప్పుకొనని భాషయును అట్లే మూగపోవును. అల్పసంఖ్యాకులమైన మనకు ఈ ముప్పు ఇతరులకంటె దగ్గరగా నున్నది.

పొరుగున నున్న ఆంధ్రరాష్ట్రమున నేను ఉపాధ్యాయ శిక్షణ పొందినప్పుడు పద్యమును బోధించుటకు నేర్పిన క్రమమే ఈ చిత్రములకును చాలును. తెరమీద ఏమి కనబడినది? అది ప్రతిపదార్థము. కథ ఏమి చెప్పినది? అది తాత్పర్యము. ఏ గుర్తు ఏ పూర్వకథనుండి వచ్చినది? అది విశేషము. పక్షమునకొక తెలుగు గంటను మన పాఠశాల ఇందులకు కేటాయింపవలెననియు, ఆ గంటలో హిందూ, క్రైస్తవ, ముస్లిం విద్యార్థులు తమ తమ ఇండ్ల కథలను ఒకరి కొకరు చెప్పుకొనవలెననియు నేను కోరుచున్నాను. తల్లిదండ్రులు బొమ్మలను కట్టివేయనక్కరలేదు, వానికి పిల్లలను అప్పగించి పోనక్కరలేదు. వారానికొకసారి ప్రక్కన కూర్చుండి, ఈ మూడు ప్రశ్నలను తెలుగులో అడిగినచో చాలును.