కంప్యూటర్ కబుర్లు: వర్డ్ ఫైలు తెరుచుకోకపోతే ఏం చేయాలి?



పోయిన వారం సోనాపూర్ క్యాంపు నుంచి ఒక సోదరుడు ఫోన్ చేశారు. రెండు గదుల్లో కలిపి 14 మందికి నాలుగు నెలల జీతం రావాలట. ఎవరికి ఏ నెలది ఎంత రావాలో పాస్‌పోర్టు నంబర్లతో సహా పట్టిక వేసి, ఫిర్యాదు ఉత్తరం టైపు చేయించి పెన్ డ్రైవ్‌లో పెట్టుకున్నారు. ప్రింటు కోసం టైపింగ్ సెంటరుకు వెళితే ఫైలు తెరుచుకోలేదు. పాడైపోయిందని కంప్యూటరు చెప్పింది. సెంటరులోని కుర్రాడు, "బాగు చేసే సాఫ్ట్‌వేర్ ఉంది, 150 దిర్హాములు అవుతుంది" అన్నాడట. కట్టమంటారా అని ఆ సోదరుడి ప్రశ్న.

ఇప్పుడే కట్టవద్దని చెప్పాను. డబ్బు పెట్టే ముందు పైసా ఖర్చు లేకుండా చేయదగినవి చాలా ఉన్నాయి. వాటిని వరుసగా రాస్తున్నాను. ఈ పేజీ కత్తిరించి గదిలో గోడకు అంటించుకోండి.

ముందు చేయకూడనివి

ఫైలు తెరుచుకోలేదనగానే ఆ పెన్ డ్రైవ్‌లో కొత్తగా ఏదీ సేవ్ చేయకండి. ఫార్మాట్ చేయమంటారా అని కంప్యూటరు అడిగితే వద్దనే నొక్కండి. పాడైన ఫైలును అలాగే కంప్యూటరులోకి కాపీ చేసుకోండి. ఏ ప్రయోగమైనా ఆ కాపీ మీదే చేయాలి, అసలుది ముట్టుకోకూడదు.

తర్వాత ఫైలు మీద మౌసు కుడి బటన్ నొక్కి, ప్రాపర్టీస్‌లో సైజు చూడండి. సున్నా బైట్లు అని ఉంటే ఆ ఫైలులో ఏమీ లేదు. లేనిదాన్ని ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా తేలేదు. అప్పుడు ఇంకో కాపీ ఎక్కడైనా ఉందేమో వెతకడమే దారి. టైపు చేసిన కంప్యూటరులో, పంపిన ఈమెయిలులో, వాట్సాప్‌లో చూడండి. సైజు కొన్ని కేబీలు అయినా ఉంటే ఆశ ఉన్నట్టే.

నిజంగా పాడైందా?

ఈమెయిలులో వచ్చిన ఫైలు అయితే మళ్లీ ఒకసారి డౌన్‌లోడ్ చేయండి. నెట్ మధ్యలో ఆగి సగమే దిగి ఉండవచ్చు. బయటి నుంచి వచ్చిన ఫైలును వర్డ్ అనుమానించి, బాగున్నా పాడైందని చెప్పే సందర్భాలూ ఉన్నాయి. ప్రాపర్టీస్‌లో కింద అన్‌బ్లాక్ అని కనిపిస్తే దానికి టిక్ పెట్టి మళ్లీ తెరవండి.

ఆ తర్వాత వేరే ప్రోగ్రాములో తెరిచి చూడండి. లిబ్రేఆఫీస్ ఉచితంగా దొరుకుతుంది. ఫోనులో గూగుల్ డాక్స్ ఉంటే అందులో ప్రయత్నించండి. వర్డ్ తెరవలేనన్న ఫైలును ఇవి కొన్నిసార్లు తెరుస్తాయి.

వర్డ్‌లోనే ఉన్న మందు

వర్డ్ తెరిచి ఫైల్, ఓపెన్, బ్రౌజ్ దగ్గరకు వెళ్లండి. ఫైలు పేరు మీద ఒక్కసారే నొక్కండి. కింద ఓపెన్ బటన్ పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది. అది నొక్కితే వచ్చే వరుసలో చివర ఓపెన్ అండ్ రిపేర్ అని ఉంటుంది. చాలామంది ఆ బాణం వైపే చూడరు. రిపేర్ చేసే సాఫ్ట్‌వేర్ మీ కంప్యూటరులో ముందే ఉందన్నమాట.

దానికీ లొంగకపోతే అదే పెట్టెలో ఫైలు పేరు పక్కన ఫైళ్ల రకాల జాబితా ఉంటుంది. అందులో రికవర్ టెక్స్ట్ ఫ్రమ్ ఎనీ ఫైల్ అనేది ఎంచుకోండి. ఇది బొమ్మలు, గీతలు అన్నీ వదిలేసి అక్షరాలను మాత్రం బయటికి లాగుతుంది. మొదట్లో, చివర్లో పిచ్చి గుర్తులు వస్తాయి, అవి తుడిచేయాలి. పాత డాక్ రకం ఫైళ్లకు ఇది బాగా పనికొస్తుంది.

2007 వర్డ్ నుంచి వచ్చిన డాక్స్ రకం ఫైళ్లకు వేరే కిటుకు ఉంది. ఆ ఫైలు నిజానికి ఒక మూట, అంటే జిప్. కాపీ ఫైలు పేరు చివర ఉన్న డాక్స్ తీసేసి జిప్ అని మార్చి విప్పండి. లోపల వర్డ్ అనే ఫోల్డరు ఉంటుంది. అందులో డాక్యుమెంట్ అనే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే గుర్తుల మధ్య మీ మాటలు కనిపిస్తాయి. మీడియా అనే ఫోల్డరులో మీరు అతికించిన ఫొటోలు, పాస్‌పోర్టు స్కాన్లు ఉంటాయి.

తెలుగులో టైపు చేయించిన వారికి ఒక మాట. అను ఫాంట్లలో చేసిన ఉత్తరమైతే, బయటికి తీసిన అక్షరాలు తెలుగులో కనబడవు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు పోయిందని తుడిచేయకండి. ఆ ముక్కను వర్డ్‌లో పెట్టి మళ్లీ అదే అను ఫాంటు ఎంచుకుంటే తెలుగు కనిపిస్తుంది. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరు దగ్గరే ఈ పని చేయాలి.

కొనే సాఫ్ట్‌వేర్ సంగతి

డబ్బు తీసుకునే సాఫ్ట్‌వేర్ కూడా ఇంచుమించు ఇదే పని చేస్తుంది. ఫైలులో మిగిలినదాన్ని ఏరి ఇస్తుంది. చాలావాటికి ఉచిత డెమో ఉంటుంది, ఎంత తేగలదో ముందే చూపిస్తుంది. అందులో మీ ఉత్తరం కళ్లతో చూశాకే డబ్బు మాట. డెమో చూపించకుండా ముందు డబ్బు అడిగితే లేచి వచ్చేయండి. దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ జోలికి పోకండి, దానితోపాటు వైరస్ ఉచితం. నెట్‌లో మీ ఫైలు ఎక్కిస్తే బాగు చేసి ఇస్తామనే సైట్లతోనూ జాగ్రత్త. 14 మంది పాస్‌పోర్టు నంబర్లు ఎవరి చేతికో ఇచ్చినట్టు అవుతుంది.

ఫైలు పాడవడం వేరు, డిలీట్ అవడం వేరు. డిలీట్ అయినదాన్ని వెతకడానికి రెకువా వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. అయితే ఆ పెన్ డ్రైవ్ వాడకం వెంటనే ఆపాలి. కొత్తది ఎక్కితే పాతది చెరిగిపోతుంది.

బయటికి వచ్చాక అసలు పని

ఆ సోదరుడి ఫైలు ఓపెన్ అండ్ రిపేర్‌తోనే తెరుచుకుంది. ఉత్తరం మొత్తం వచ్చింది గానీ పట్టిక చెదిరిపోయింది. ఒకరి పేరు పక్కకు ఇంకొకరి అంకెలు వచ్చి చేరాయి. అలాగే ప్రింటు తీసి ఇచ్చి ఉంటే 900 రావాల్సిన మనిషికి 600 రాసి ఉండేది. మన సంతకంతో మనమే తక్కువ అడిగినట్టు కాగితం మీద ఉండిపోయేది.

అందుకే సాఫ్ట్‌వేర్ తెచ్చిన కాగితాన్ని నమ్మి సంతకం పెట్టకండి. ప్రతి పేరు, ప్రతి నంబరు పాస్‌పోర్టు దగ్గర పెట్టుకుని ఒకరు చదవాలి, ఇంకొకరు టిక్ పెట్టాలి. యూఏఈలో 2009లో వేతన రక్షణ విధానం మొదలైంది. జీతం దాని కింద బ్యాంకు ద్వారానో ఎక్స్ఛేంజి ద్వారానో పడుతున్నవాళ్లు స్టేట్‌మెంటు తీసుకుంటే, ఏ నెల జీతం పడిందో, ఏ నెల పడలేదో అందులో కనిపిస్తుంది. ఫైలు అసలే తెరుచుకోకపోయినా ఆ కాగితాలతో పట్టిక మళ్లీ వేయవచ్చు.

ముందే జాగ్రత్త

ముఖ్యమైన ఉత్తరం టైపు అయిన రోజే మూడు పనులు చేయండి. ఒకటి, మీ ఈమెయిలుకు మీరే పంపుకోండి. రెండు, ఒక ప్రింటు తీసి పెట్టెలో దాచండి. మూడు, సంతకాలు అయ్యాక ప్రతి పేజీకి ఫోనులో ఫొటో తీయండి. పెన్ డ్రైవ్ లాగేముందు ఫైలు మూసి, ఎజెక్ట్ నొక్కి, ఆ తర్వాతే తీయండి. పని మధ్యలో లాగేయడం వల్లే చాలా ఫైళ్లు పాడవుతాయి.

వచ్చే వారం ఫోనులోని వాట్సాప్ ఫొటోలను, వాయిస్ మెసేజీలను భద్రంగా దాచుకోవడం గురించి చెప్పుకుందాం. మీ ప్రశ్నలు పత్రిక చిరునామాకు రాయండి. రాయడం రానివాళ్లు గదిలో చదువుకున్న తమ్ముడి చేత రాయించండి.